వేడిమియు ఎంజైములును



అన్నవరమున రత్నగిరి యెక్కి, సత్యనారాయణస్వామిని సేవించి, ఆకుపొట్లములో ప్రసాదము పుచ్చుకొననివారు మన గోదావరి సీమలో అరుదు. ఆ ప్రసాదమునకు మూలము గోధుమనూక. ఎండిన గోధుమగింజలో ఒక శక్తి నిద్రించుచుండును. గింజ తడిసి మొలకెత్తునపుడు అది మేల్కొని, వృద్ధిపొంది, లోపలి పిండిని చక్కెరగా మార్చి మొలకకు ఆహార మొసగును. నూక పొయ్యిపై నుడికినచో ఆ శక్తి నశించును. దీనినే శాస్త్రజ్ఞులు ఎంజైము అనిరి. వేడిమికిని దీనికిని గల సంబంధము ఎట్లు తెలియవచ్చెనో నేడు మనవి చేసెదను.

1833లో ఫ్రాన్సు దేశమున పాయెన్, పెర్సో అను నిరువురు రసాయనశాస్త్రవేత్తలు మొలకెత్తిన బార్లీగింజలను నీట నానవైచి, ఆ నీటికి మద్యసారము చేర్చి, ఒక తెల్లని పదార్థమును వేరుచేసిరి. అది రవంత యైనను విస్తారమైన పిండిని చక్కెరగా మార్చెను. వారు దానికి డయాస్టేస్ అని పేరిడిరి. నీరు మిక్కిలి వేడిగా నున్నపుడు దాని పని చురుకయ్యెను. నీరు మరగినంతనే ఆ పని ఉడిగిపోయెను. చల్లార్చినను తిరిగి రాలేదు.

వేడిమి పెరిగినకొలది రసాయనక్రియ లేల వేగిరపడునో 1889లో స్వీడన్ దేశీయుడగు అరీనియస్ లెక్కవేసి చూపెను. సాధారణముగా పది డిగ్రీలు హెచ్చినచో వేగము ఇంచుమించు రెట్టింపగును. కాని ఎంజైము ఒక హద్దు దాటిన పిమ్మట ఏల చచ్చును? 1926లో అమెరికాలో సమ్నర్ అను నాతడు యూరియేస్ అను ఎంజైమును స్ఫటికములుగా తీసి, అది మాంసకృత్తు అని నిరూపించెను. అంతట చిక్కు వీడెను. కోడిగ్రుడ్డు తెల్లసొన ఉడికిన పిదప మరల ద్రవము కానట్లే, మితిమీరిన వేడికి మాంసకృత్తు తన ముడుతలు విప్పుకొని రూపు చెడును. చలిలో మాత్రము ఎంజైము చావదు. మందగించి, వెచ్చదనము రాగానే మరల పనిచేయును.

ఇది పుస్తకములలోని మాట మాత్రమే కాదు. నరికిన చెరకును ఎండలో పడవైచి జాగుచేసినచో, గడలోని ఎంజైము చక్కెరను విడగొట్టును. ఆ రసముతో వండిన బెల్లము సరిగా గట్టిపడదు. రైతునకు అది ప్రత్యక్షనష్టము. కావున నరికిన వెంటనే గానుగ కెత్తి, రసము కాచవలెను. పచ్చి తవుడును అట్లే. బియ్యము దంపినంతనే అందలి ఎంజైము నూనెపై పడి, కొలది దినములలో ముక్కవాసన పుట్టించును. ధాన్యము నుడికించి ఉప్పుడుబియ్యము చేయునపుడు వచ్చు తవుడు అంత త్వరగా చెడదు. వేడిమి ఎంజైమును ముందే అణచివేయును గదా!

మన పెద్దలు ఎంజైమను పేరు వినలేదు. అయినను పొయ్యి యెప్పు డంటింపవలెనో ఎరిగిరి. ఆ యెరుకకు కారణము తెలిసినచో, నష్టము కలుగకముందే జాగ్రత్తపడుట మనకు సాధ్యమగును.