సొంతదా, శత్రువుదా?

1990లో ఎయిర్ డిఫెన్స్‌లో గన్నర్‌గా చేరిన కొత్తలో, ఉస్తాద్‌గారు విమానాల నల్లబొమ్మలు చూపించి పేరు అడిగేవారు. రెక్క, ఇంజను, బాడీ, తోక... ఆ వరుసలోనే చూడాలి. తప్పితే గ్రౌండ్ చుట్టూ పరుగే!

1939 సెప్టెంబర్ 6 సంగతి చదివాక గానీ ఆ పరుగు విలువ తెలియలేదు. ఇంగ్లండులో, శత్రువు వస్తున్నాడన్న తప్పుడు కబురుతో లేచిన స్పిట్‌ఫైర్లు సొంత హరికేన్లనే రెండింటిని కూల్చాయి. పైలట్ హల్టన్-హారప్ చనిపోయాడు. యుద్ధం ప్రకటించి అప్పటికి మూడు రోజులే.

అప్పటి రాడార్లు సముద్రం వైపే చూసేవి. తీరం దాటాక కనిపెట్టాల్సింది అబ్జర్వర్ కోర్ వాళ్ళే, కళ్ళతో, చెవులతో.

ఇప్పుడు మా అబ్బాయి పైలట్ల మాటలు వినడానికి 118-137 మెగాహెర్ట్జ్ స్కానర్ కొందామంటాడు. ముందు డాబా ఎక్కి, ఆ పోయేదేమిటో చెప్పరా అన్నాను. బోయింగ్ అన్నాడు. అది ఎయిర్‌బస్. వాళ్ళమ్మ అక్కడ లేకపోతే పరుగెత్తించేవాణ్ణే!