మెథాంఫెటమైన్ మానిన తొలి వారాలు: ఉప్పల్, నాచారం ప్రాంతాలలో చికిత్సకు మార్గాలు

హైదరాబాద్: మాదకద్రవ్యాల సరఫరాను అరికట్టడం ఒక ఎత్తు కాగా, వాటికి బానిసలైన వారిని తిరిగి సాధారణ జీవితానికి చేర్చడం మరొక ఎత్తు. సరఫరా నిలిచిపోయిన నాటి నుండే వ్యసనపరులలో విత్‌డ్రాయల్ లక్షణాలు, అనగా మత్తు మానినందువల్ల కలిగే శారీరక, మానసిక బాధలు ఆరంభమవుతాయి. కావున సోదాలతో పాటు చికిత్స కూడా అందుబాటులో ఉండవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది.

ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడలకు చేరువలోని చర్లపల్లిలో మెఫెడ్రోన్ అక్రమ తయారీని 2025 సెప్టెంబరులో మహారాష్ట్ర పోలీసులు ఛేదించారు. మెఫెడ్రోన్ సైతం మెథాంఫెటమైన్ వలె ఉత్తేజాన్ని కలిగించే మాదకద్రవ్యమే. ఎయిమ్స్ నిపుణులు నిర్వహించిన జాతీయ సర్వే నివేదిక 2019లో వెలువడింది. దాని ప్రకారం దేశంలో 10 నుండి 75 సంవత్సరాల వయస్సు గలవారిలో 0.18 శాతం మంది ఆంఫెటమైన్ తరహా ఉత్తేజకాలను వాడుతున్నారు.

మానిన తరువాత కలిగే మార్పులు

మెథాంఫెటమైన్ మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని అపరిమితంగా విడుదల చేయిస్తుంది. వాడకం ఆపిన 24 గంటలలోపే తీవ్రమైన నీరసం, అతినిద్ర లేదా నిద్రలేమి, పీడకలలు, విపరీతమైన ఆకలి, చిరాకు, దిగులు కలుగుతాయి. ఈ తీవ్ర దశ సాధారణంగా 7 నుండి 10 రోజులు ఉంటుంది. తేలికపాటి లక్షణాలు మరో రెండు, మూడు వారాలు కొనసాగుతాయి. మత్తు పదార్థం కావాలనే తహతహ మాత్రం నెలల తరబడి వచ్చి పోతూ ఉంటుంది.

ఈ బాధ వలన నేరుగా ప్రాణాపాయం కలగడం అరుదు. అసలు ప్రమాదం తీవ్రమైన నిరాశలో, ఆత్మహత్య ఆలోచనలలో ఉన్నది. లేని శబ్దాలు వినిపించడం, అకారణ అనుమానాలు, ఛాతీ నొప్పి, చనిపోవాలనే మాటలు వంటివి కనిపించిన వెంటనే ఆసుపత్రికి తరలించాలి. రోగిని ఒంటరిగా విడిచిపెట్టరాదు.

మద్యం, ఆల్ప్రాజోలం వంటి నిద్రమాత్రలు లేదా కల్తీ కల్లు కూడా వాడుతున్నవారు వాటిని ఒక్కసారిగా ఆపరాదు. అలా ఆపినచో మూర్ఛలు వచ్చి ప్రాణం మీదికి రావచ్చును. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై దాడులు ముమ్మరమైనప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాలలో అనేకులు ఇట్టి లక్షణాలతో ఆసుపత్రుల పాలైన విషయం విదితమే. రోగి ఏయే పదార్థాలు వాడినదీ వైద్యునికి దాచకుండా తెలుపడం అందువల్లనే ముఖ్యం.

చికిత్సా విధానం

మెథాంఫెటమైన్ వ్యసనానికి ప్రత్యేకించి ఆమోదం పొందిన ఔషధం ఇంతవరకు లేదు. నాల్ట్రెక్సోన్ ఇంజక్షన్, బుప్రోపియన్ మాత్రలు కలిపి ఇచ్చిన అమెరికా పరిశోధన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. అందులో 13.6 శాతం మందికి మేలు జరుగగా, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో ఇది 2.5 శాతం మాత్రమే. మత్తుకు దూరంగా ఉన్నట్లు పరీక్షలో తేలిన ప్రతిసారీ చిన్న బహుమతి ఇచ్చే విధానం, కౌన్సెలింగ్ ఇప్పటికి ఎక్కువ ఫలితమిస్తున్నాయి.

తొలి వారాలలో ఇంటివారు చేయగలిగినది చాలా ఉన్నది. వేళకు భోజనం, తగినంత నీరు, ప్రశాంతమైన నిద్ర, పాత సావాసాలకు, సరఫరాదారుల ఫోన్ నంబర్లకు దూరం ఈ దశలో అవసరం. తహతహ అల వలె లేచి, కొంతసేపటికి తగ్గిపోతుంది. ఆ సమయంలో మాటలలో పెట్టగల మనిషి పక్కన ఉండటమే పెద్ద సహాయం. మళ్లీ వాడినంత మాత్రాన చికిత్స విఫలమైనట్లు కాదు. అయితే కొంతకాలం మానిన శరీరం పాత మోతాదును తట్టుకోలేదని గుర్తించాలి. ఏడాదికి పైగా మానినవారి మెదడులో దెబ్బతిన్న డోపమైన్ వ్యవస్థ చాలావరకు కోలుకున్నట్లు 2001 నాటి పరిశోధన తెలిపింది.

ఎక్కడికి వెళ్లాలి

ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికి ఉప్పల్ మెట్రో స్టేషన్ నుండి, నాచారం వారైతే హబ్సిగూడ స్టేషన్ నుండి బయలుదేరి, అమీర్‌పేటలో మియాపూర్ వైపు వెళ్లే రైలు మారి చేరవచ్చును. గాంధీ, ఉస్మానియా ఆసుపత్రులలోనూ మానసిక వైద్య విభాగాలు కలవు. ఈఎస్ఐ కార్డు గల కార్మికులు, వారి కుటుంబసభ్యులు ముందుగా నాచారం ఈఎస్ఐ ఆసుపత్రిలో వైద్యుని సంప్రదించవచ్చును.

చట్టం కల్పించిన రక్షణ

చికిత్సకు వెళితే కేసు పెడతారనే భయం చాలామందిని ఆపుతున్నది. మాదకద్రవ్యాల నిరోధక చట్టం, 1985లోని 64ఎ సెక్షన్ ప్రకారం, వాడకం లేదా స్వల్ప పరిమాణానికి సంబంధించిన నేరారోపణ ఉన్న వ్యసనపరుడు ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు గల సంస్థలో స్వచ్ఛందంగా చికిత్స పొందినచో ఆ నేరానికి ప్రాసిక్యూషన్ నుండి మినహాయింపు లభిస్తుంది. చికిత్సను మధ్యలో మానివేస్తే ఈ మినహాయింపును ఉపసంహరించవచ్చును. మెథాంఫెటమైన్‌కు స్వల్ప పరిమాణం 2 గ్రాములుగా నిర్ణయించబడినది. విక్రేతలకు ఈ రక్షణ వర్తించదు.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 మాదకద్రవ్యాల వలన కలిగే మానసిక స్థితులను కూడా వ్యాధిగా పరిగణిస్తున్నది. రోగులను గొలుసులతో బంధించడం ఈ చట్టం ప్రకారం నిషిద్ధం. మానసిక చికిత్సా కేంద్రాలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. చికిత్స పొందుతున్నవారి ఫొటోలు, వివరాలు వారి సమ్మతి లేనిదే మీడియాకు విడుదల చేయరాదు. పాత్రికేయ మిత్రులు, అధికారులు ఈ నిబంధనను ప్రత్యేకంగా గమనించవలసి ఉన్నది. నేడు పత్రికలో వచ్చిన పేరు రేపు మరొకరిని ఆసుపత్రి గడప తొక్కకుండా చేయగలదు.

సహాయం కొరకు వ్యసన విముక్తి జాతీయ హెల్ప్‌లైన్ 14446కు, మానసిక సహాయానికి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చును. మాదకద్రవ్యాల సరఫరా సమాచారాన్ని 1908కు తెలియజేయవచ్చును.