అమరావతి శిల: ఒకే పలక, రెండు ముఖాలు

జీర్ణోద్ధరణ సంచికను చేతబట్టిన పాఠక మహాశయులకు ఒక శిలను పరిచయం చేయదలచాను. అది మన కృష్ణాతీరాన అమరావతి మహాచైత్యానికి అలంకారమైన పలనాటి సున్నపురాతి పలక. నేడు లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది.

ఆ పలకకు రెండువైపులా శిల్పమున్నది. మొదటి ముఖం క్రీ.పూ. 1వ శతాబ్ది నాటిది. బోధివృక్షం, దాని నీడలో శూన్యాసనం, పీఠం చెంత పాదముద్రలు, చుట్టూ అంజలి ఘటించిన భక్తజనం. బుద్ధుని రూపం మాత్రం లేదు! మూర్తిని చెక్కకుండానే సన్నిధిని స్ఫురింపజేయడం ఆనాటి శిల్పుల సంప్రదాయం. ఆ ఖాళీ పీఠం ఎదుట మ్రొక్కుతున్నవారిని కాసేపు చూడండి. అక్కడ ఎవరూ లేరని మనకు అనిపించదు.

సుమారు మూడు శతాబ్దాల తరువాత, చైత్యాన్ని నవీకరించిన కాలంలో, ఈ పలకను త్రిప్పి వెనుకవైపున సాక్షాత్తు స్తూపాన్నే చెక్కారు. గుండ్రని అండం, చుట్టూ శిలావేదిక, ద్వారం వద్ద సింహాలు, ఐదు ఆయక స్తంభాలు. ఈ ఐదూ బుద్ధుని జననం, మహాభినిష్క్రమణం, సంబోధి, ధర్మచక్రప్రవర్తనం, మహాపరినిర్వాణాలకు సంకేతాలని పండితుల అభిప్రాయం. నేడు దిబ్బగా మిగిలిన మహాచైత్యం వైభవకాలంలో ఎట్లుండెడిదో ఊహించుటకు ఇటువంటి పలకలే ఆధారం. పనితనంలో రెండవ ముఖానిదే పైచేయి. అయినా నా మనస్సు మొదటిదానివైపే మొగ్గుతుంది.

గమనించవలసినది మరొకటి ఉన్నది. క్రొత్తది చెక్కిన శిల్పి పాతదానిని చెరిపివేయలేదు. రాయి పొదుపు కొరకే త్రిప్పి ఉండవచ్చు గాక, పాత పూజాదృశ్యం మాత్రం మనదాకా నిలిచింది.

తరువాతి కథ అంత శుభం కాదు. 18వ శతాబ్ది చివర అమరావతిలో క్రొత్త పట్టణం వెలసినపుడు చైత్యశిలలు కట్టడపు రాళ్ళయ్యాయి. కొన్ని శివగంగ కోనేటి మెట్లకు చేరాయి, కొన్ని సున్నపుబట్టీల పాలయ్యాయి. 1816లో కల్నల్ మెకంజీ మిగిలినవాటికి చిత్రాలు గీయించాడు. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించిన శిల్పాలు మద్రాసు చేరాయి. వాటిలో అనేకం 1859లో ఓడనెక్కి లండను వెళ్ళాయి. మన గుడులలో పాత రాళ్ళను పెకలించేటప్పుడు వెనుకవైపు ఒకమారు చూడమని స్థపతులకు, ధర్మకర్తలకు నా విన్నపం. సున్నం, సిమెంటు పూసిన తరువాత చూడగలిగేదేమీ ఉండదు.

అంత దూరం పోలేనివారు చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలోని అమరావతి శిల్పాలను దర్శించవచ్చు. విధికుడనే చర్మకారుడు సమర్పించిన పూర్ణఘట ఫలకం అమరావతి దానాలలో ఒకటి. ఇటువంటి సంచికలలో దాతల పేర్లు అచ్చు వేసినట్లే దానిపై బ్రాహ్మీలిపిలో, ప్రాకృతంలో దాత వివరం చెక్కి ఉన్నది. విధికుడు తన పేరొక్కటే వ్రాయించుకోలేదు. తల్లిని, భార్యను, సోదరులను, నాగుడనే కొడుకును, కుమార్తెలను, బంధుమిత్రులను అందరినీ ఆ దానంలో భాగస్వాములను చేశాడు.