వేదిక నుంచి గ్రంథానికి: మేరీ రాబిన్‌సన్, మహ్‌లఖా బాయి చందా - ఒక తులనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం:
18వ శతాబ్ది చివరి దశకాలలో లండన్ నటి మేరీ రాబిన్‌సన్, హైదరాబాద్ ఆస్థాన కళాకారిణి మహ్‌లఖా బాయి చందా వేర్వేరు భాషలలో, వేర్వేరు వ్యవస్థలలో కవయిత్రులుగా నిలిచారు. వీరికి ఒకరి గురించి మరొకరికి తెలిసినట్లు ఆధారం లేదు. అయినా ప్రదర్శన ద్వారా వచ్చిన పేరును గ్రంథం ద్వారా నిలుపుకోవాలన్న ప్రయత్నం ఇద్దరి జీవితాలలోనూ కనిపిస్తుంది. ఆ ప్రయత్నాన్ని, దాని పట్ల చరిత్ర రచన చూపిన వైఖరిని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: నటి, కవయిత్రి, గజల్, దీవాన్, ఆస్థాన పోషణ, ముద్రణ, స్వీయచరిత్ర.

1. ఉపోద్ఘాతం:
వేదికపై పేరు పొందిన స్త్రీ కవిత్వం రాసినప్పుడు సాహిత్య చరిత్ర ఆమె రచనను ముందు చూస్తుందా, వృత్తిని ముందు చూస్తుందా? ఈ ప్రశ్న తెలుగు పరిశోధకులకు కొత్తది కాదు. తంజావూరు ప్రతాపసింహుని ఆస్థాన కవయిత్రి ముద్దుపళని రచించిన 'రాధికాసాంత్వనము' విషయంలో కందుకూరి వీరేశలింగం కావ్యంలోని శృంగారాన్ని, కవయిత్రి వృత్తిని కలిపి నిందించాడు. ఆ కావ్యాన్ని 1910లో పరిష్కరించి వెలువరించింది స్వయంగా గాయని అయిన బెంగళూరు నాగరత్నమ్మ. ప్రభుత్వం ఆ ప్రచురణను నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానమంత్రిగా ఉన్న కాలంలో గాని ఆ నిషేధం తొలగలేదు. ఒక కళాకారిణి రచనను మరొక కళాకారిణి కాపాడవలసి వచ్చిన ఈ ఉదంతం, అదే శతాబ్దికి చెందిన మరి ఇద్దరు స్త్రీల జీవితాలను చదవడానికి దారి చూపుతుంది.

2. మేరీ రాబిన్‌సన్ - రంగస్థలం, ముద్రణ:
బ్రిస్టల్‌లో పుట్టిన మేరీ రాబిన్‌సన్ తొలి కవితా సంపుటి 1775లో వెలువడింది. అప్పులు తీర్చలేక ఆమె భర్త ఫ్లీట్ చెరసాల పాలయ్యాడు, ఆమె కూడా అక్కడే అతనితో ఉంది. ఆమె నటిగా మారకముందే కవయిత్రి అన్న సంగతిని ఇక్కడ గమనించాలి. 1776 డిసెంబరులో ప్రసిద్ధ నటుడు డేవిడ్ గారిక్ శిక్షణతో డ్రూరీ లేన్ రంగశాలలో జూలియట్‌గా ఆమె తొలిసారి నటించింది. 1779లో షేక్‌స్పియర్ నాటకం 'ది వింటర్స్ టేల్‌'లో పెర్డిటా పాత్ర ధరించినప్పుడు యువరాజు, తరువాతి నాలుగో జార్జి, ఆమెపై మనసుపడ్డాడు. 20,000 పౌండ్లు ఇస్తానని పత్రం రాసి ఇచ్చి, మాట తప్పాడు. చివరకు ఏటా 500 పౌండ్ల భృతి మాత్రం ఏర్పాటయింది. పత్రికలు, వ్యంగ్య చిత్రకారులు మాత్రం ఆమెను 'పెర్డిటా'గానే స్థిరపరిచారు.

1783లో వచ్చిన అనారోగ్యం వల్ల ఆమె కాళ్లు చచ్చుబడ్డాయి. అప్పటికే వేదికను విడిచిన ఆమెకు ఆ తరువాత రచన జీవనాధారమయింది. నవలలతో పాటు 1796లో 'సాఫో అండ్ ఫేయాన్' అనే సానెట్ల మాలను ప్రకటించింది. అందులో ప్రాచీన గ్రీకు కవయిత్రి సాఫో కథను ఎన్నుకోవడం ద్వారా తనకొక సాహిత్య వారసత్వాన్ని ఏర్పరచుకుంది. 1799లో మారుపేరుతో స్త్రీ విద్యను, స్త్రీల మేధా సామర్థ్యాన్ని సమర్థిస్తూ ఒక లేఖాగ్రంథం వెలువరించింది. 'మార్నింగ్ పోస్ట్' పత్రికలో కవితా విభాగ బాధ్యత వహించింది. కోల్‌రిడ్జ్ ఆమె ప్రతిభను మెచ్చుకున్నాడు. 1800లో 'లిరికల్ టేల్స్' ప్రచురితమైన కొద్ది కాలానికే, ఆ డిసెంబరులో, ఆమె పేదరికంలో మరణించింది. అసంపూర్ణంగా మిగిలిన స్వీయచరిత్రను కుమార్తె 1801లో వెలుగులోకి తెచ్చింది.

3. మహ్‌లఖా బాయి చందా - ఆస్థానం, దీవాన్:
మహ్‌లఖా బాయి (1768-1824) ఆధునికార్థంలో నాటకశాల నటి కాదు. ఆమెది గానం, నాట్యం, అభినయం, సంభాషణా చాతుర్యం కలగలిసిన ఆస్థాన కళ. ఖుషాల్ ఖాన్ వద్ద సంగీతాన్ని, షేర్ మహమ్మద్ ఖాన్ ఈమాన్ వద్ద కవిత్వాన్ని అభ్యసించింది. రెండో అసఫ్ జా నిజాం అలీ ఖాన్ దండయాత్రలకు వెంట వెళ్లిన వారిలో ఆమె ఉంది. 1782లో కౌలాస్, 1783లో నిర్మల్, 1789లో పానగల్ యాత్రలలో ఆమె పాల్గొంది. అంటే ఉత్తర తెలంగాణ దుర్గాల చరిత్రలోనూ ఈ కవయిత్రికి చోటుంది. మేరీ కదలలేని స్థితికి చేరిన సంవత్సరంలోనే మహ్‌లఖా సైన్యంతో నిర్మల్‌కు ప్రయాణించింది.

'చందా' అనే కవితానామంతో రాసిన ఆమె గజళ్లు 1798లో దీవాన్‌గా సంకలితమయ్యాయి. అందులోని 125 గజళ్లలో ప్రతిదీ అయిదు షేర్లకు పరిమితం. ముగింపు షేర్లలో హజ్రత్ అలీ పట్ల భక్తి వ్యక్తమవుతుంది. అందువల్ల ఆమె కవిత్వాన్ని కేవలం శృంగార వినోదంగా చదవడం కుదరదు. విరహం, మధుపాత్ర, ప్రియుని నిరాదరణ వంటి సంప్రదాయ సామగ్రి చివరకు భక్తి వైపు మళ్లుతుంది. అయిదు షేర్ల నియమాన్ని సంపుటమంతటా పాటించడం ప్రణాళికాబద్ధమైన రచనా సంకల్పానికి నిదర్శనం. దాశరథి, సినారెల ద్వారా గజల్‌ను తెలుగులో చదువుకున్న పాఠకులకు ఈ నిర్మాణ నియమం విలువ సులభంగా బోధపడుతుంది.

దీవాన్ కూర్చిన తొలి ఉర్దూ కవయిత్రిగా చాలాకాలం ఆమెనే పేర్కొన్నారు. 1797 నాటి లుత్ఫున్నిసా ఇమ్తియాజ్ దీవాన్ వెలుగు చూసిన తరువాత ఆ 'తొలి' స్థానం మారింది. దీనివల్ల చందా విలువ తగ్గదు. దక్కనులో ఒకే కాలంలో ఒకరికి మించి స్త్రీలు దీవాన్లు కూర్చారన్న పెద్ద సత్యం బయటపడుతుంది.

4. గ్రంథమే గుర్తింపు:
1799 అక్టోబరు 18న, తానే ప్రధాన నర్తకిగా ఉన్న ఒక ప్రదర్శన మధ్యలో, మహ్‌లఖా తన దీవాన్ ప్రతిని కంపెనీ అధికారి జాన్ మాల్కమ్‌కు కానుకగా ఇచ్చింది. ఆ ప్రతి నేడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఈ సంఘటనను ఆస్థాన మర్యాదగా మాత్రమే చూడరాదు. చూపరులు నర్తకిని చూస్తున్న క్షణంలో ఆమె తనను కవయిత్రిగా పరిచయం చేసుకుంది. ఆనాటి నాట్యం ఆ రాత్రితో ముగిసింది, గ్రంథం సముద్రం దాటి నిలిచింది.

ఇద్దరూ తమ జీవిత కథనాన్ని ఇతరులకు వదలలేదు. మేరీ స్వీయచరిత్రకు పూనుకుంటే, మహ్‌లఖా గులాం హుసేన్ ఖాన్ జౌహర్ చేత 'మాహ్‌నామా' చరిత్ర గ్రంథాన్ని రాయించింది. అయితే వీరి ఆర్థిక భూమికలు వేరు. లండన్‌లో ముద్రణ విపణి మేరీకి పాఠకులను ఇచ్చింది గాని నిలకడైన భద్రతను ఇవ్వలేదు. హైదరాబాద్‌లో ఆస్థాన పోషణ మహ్‌లఖాకు జాగీర్లనిచ్చింది. ఆమె మౌలాలిలో తల్లికి సమాధి నిర్మించింది, తానూ అక్కడే సమాధి అయింది. పోషణ కింద రాసినదంతా పరాధీనమనీ, విపణికి రాసినదంతా స్వతంత్రమనీ చేసే సులభ విభజన ఈ రెండు జీవితాల ముందు నిలవదు.

5. ముగింపు:
మేరీని యువరాజు ప్రేయసిగా, మహ్‌లఖాను నిజాం నర్తకిగా పరిచయం చేసే వాక్యాలు చారిత్రకంగా అసత్యాలు కావు, అసంపూర్ణాలు. ఆ వాక్యాలలో కర్తృత్వం పోషకునిది, కవయిత్రిది కాదు. తెలంగాణ సాహిత్య చరిత్రను తెలుగుకే పరిమితం చేసినంతకాలం మహ్‌లఖా రాజకీయ చరిత్ర అధస్సూచికలోనే ఉంటుంది. ఆమె గజళ్లకు మూలంతో సరిపోల్చిన తెలుగు అనువాదం, ఛందో వివరణ, కాలక్రమ వ్యాఖ్య కావాలి. నాగరత్నమ్మ ముద్దుపళనికి చేసిన పని అటువంటిదే. ముందు పాఠాన్ని పాఠకుని చేతిలో పెట్టింది. కవయిత్రిపై తీర్పు ఆ పాఠాన్ని చదివిన తరువాతే చెప్పదగినది.