పాతరగడ్డి కథ

1876-78 నాటి ధాత కరువులో మన సీమలో మేతలేక పశువులెన్నో చచ్చినవి. గింజలు పాతరవేసినట్లే పచ్చిమేతనూ పాతరవేయవచ్చును. పులుపు పెరిగి పి.హెచ్. అంకె 4కు దిగితే మేత కుళ్లదని ఫిన్లండు శాస్త్రజ్ఞుడు విర్టానెన్ చూపించాడు. 1945లో నోబెల్ బహుమతి పొందాడు.

చెరకు సంగతి వేరు. గాలి లేకున్నా దాని తీపిని ఈస్టు సారాయంగా మార్చును. అందుచేత ప్రయోగశాలలో పులుపుతోబాటు సారాయమూ కొలుస్తారు. నమూనాను వేడిలో ఆరబెడితే సారాయం ఆవిరై, లెక్క తప్పుతుంది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం రైతులారా! చెరకాకు ముక్కలు చేసి, గట్టిగా తొక్కి, గాలి చొరకుండా కప్పండి. తెరిచినప్పుడు వాసన చూడండి. పుల్లని వాసనైతే మంచిది. కల్లు వాసనైతే తీపి పోయిందన్నమాట. కుళ్లు వాసనైతే పశువుకు వేయకండి.