మొక్కజొన్న: నేటి ఆహార సరఫరా

గడ్డి కుటుంబానికి చెందిన తిండిగింజ. శాస్త్రీయ నామం జియా మేస్. దాదాపు 9,000 ఏళ్ల కిందట మెక్సికోలో టియోసింటే అనే అడవి గడ్డి నుంచి సాగులోకి వచ్చింది. నేడు ప్రపంచంలో ఏటా 100 కోట్ల టన్నులకు పైగా పండుతోంది; అందులో మూడో వంతు దాకా అమెరికాదే.

ఈ పంటలో మనిషి నేరుగా తినేది కొద్ది భాగమే. కోళ్లు, పందులు, పశువుల దాణాగానూ, ఇథనాల్‌గానూ ఎక్కువ ఖర్చవుతుంది. కొంత స్టార్చ్ మిల్లులకు వెళ్తుంది; అక్కడ గింజలను సల్ఫర్ డయాక్సైడ్ కలిపిన వెచ్చని నీటిలో ఒకటిన్నర, రెండు రోజులు నానబెడతారు. మెత్తబడ్డ గింజను పగలగొట్టి అంకురాన్ని వేరుచేస్తారు, దాన్నుంచి నూనె తీస్తారు. పొట్టు, మాంసకృత్తులు దాణాకు పోతాయి. మిగిలిన పిండిపదార్థాన్ని ఎంజైములతో గ్లూకోజ్‌గా, ఫ్రక్టోజ్ సిరప్‌గా మారుస్తారు. అమెరికాలో కోకాకోలా, పెప్సీ 1984లో చక్కెరకు బదులు ఈ సిరప్‌కు మళ్లాయి.

మెక్సికన్లు గింజను సున్నపు నీటిలో ఉడికించి తింటారు. అందువల్ల అందులోని నియాసిన్ అనే విటమిన్ ఒంటికి పడుతుంది. ఆ విద్య లేకుండా మొక్కజొన్న ఒక్కటే తిన్న పేదలు ఐరోపాలో, అమెరికాలో నియాసిన్ లోపంతో వచ్చే పెల్లాగ్రా వ్యాధితో చనిపోయారు. పంటను తీసుకెళ్లి దాని వంటను వదిలేసినందుకు చెల్లించిన ఘోరమైన మూల్యమిది.

భారత్‌లో దీనికి పెద్ద గిరాకీ కోళ్ల దాణా నుంచే. తెలంగాణలో నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో పండిస్తారు; ఆంధ్రలో గుంటూరు వరి మాగాణుల్లో దున్నకుండానే రబీ పంటగా వేస్తారు. ఇథనాల్ కర్మాగారాలు కూడా కొనడం మొదలుపెట్టాక దాణాకు గింజ ఖరీదైంది.