సబ్బు నుండి నక్షత్రములకు

'స్పేస్ ఒపెరా' అను పేరునందు సంగీతమున్నట్లు తోచును. కాని ఆ పేరు పెట్టినవాని తలపులో ఉన్నది రేడియో. 1930 తరువాత అమెరికాలో గృహిణులకై పగటిపూట ప్రసారమైన ధారావాహిక నాటికలకు సబ్బుల కంపెనీలు డబ్బిచ్చెడివి. అందుచే వానికి 'సోప్ ఒపెరా' అను ఎగతాళి పేరు వచ్చినది. 1941లో విల్సన్ టక్కర్ అను రచయిత, అరిగిపోయిన అంతరిక్ష నౌకల కథలను ఈసడించుచు ఆ పేరునే కొంచెము మార్చి వానికి తగిలించినాడు.

ఆ తిట్టును ఉన్నదున్నట్లుగా పట్టుకొన్నవాడు జాక్ వాన్స్. 1965లో అచ్చయిన ఆయన 'స్పేస్ ఒపెరా' నవలలో ఒక సంపన్న వనిత నిజముగనే గాయకబృందమును నౌక నెక్కించి గ్రహాంతరములకు తీసికొనిపోవును. మన పాట అచటివారి చెవి కెక్కునా? చిక్కంతయు అక్కడనే. (నాటక సమాజములతో ఊరూర తిరిగినవారికి ఆ ఇబ్బందులు కొత్తవి కావు.)

జపానులో 1982 అక్టోబరున మొదలైన 'మాక్రోస్' టెలివిజన్ ధారావాహికకు ఆ ప్రశ్నయే ప్రాణము. అందు యుద్ధవిమానములు పెద్ద పెద్ద మరమనుషులుగా మారును. అయినను గెలుపు వానిది కాదు. శత్రువులు మహాకాయులు, యుద్ధము కొరకే సృష్టింపబడినవారు. పాట యన్న నేమో ఎరుగరు. లిన్ మిన్‌మే అను యువతి గానము విని వారు చేష్టలుడిగి నిలుతురు. ఆ గానము శత్రునౌకలను చేరినది ప్రసారము ద్వారానే.